సంక్రాంతి సెలవుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ మార్చడం ఎలా: గోదావరి డెల్టా ఆఫీసులకు

మీ ప్రభుత్వ శాఖ లెక్కలు ఎస్‌ఏపీ కంపెనీ పాత సాఫ్ట్‌వేర్ ఈసీసీ 6 మీద నడుస్తున్నాయనుకుందాం. ఆ వెర్షన్‌లో కొత్త ప్యాకేజీలున్నవాటికి కూడా కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు 2027 డిసెంబరు ఆఖరుతో ముగుస్తుంది. అదనంగా కడితే 2030 దాకా సాగదీసుకోవచ్చు. ఎలాగైనా అదే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎస్/4 హానాకి మారక తప్పదు. ఈ మార్పిడిలో హెడ్డాఫీసు సాంకేతిక బృందం చేసేది కొంతే. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, ఏలూరు ఆఫీసుల్లో చేయాల్సింది దానికి రెండింతలు. కింద చెప్పేది ఎక్కువగా ఆ రెండో పని గురించే. మీది వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ అయితే తెరల పేర్లు మారతాయి, పని మారదు.

తేదీ ముందు

ఎవర్నడిగినా ఏప్రిల్ 1 అంటారు. కొత్త ఆర్థిక సంవత్సరం, ఓపెనింగ్ బ్యాలెన్సులు శుభ్రంగా ఉంటాయని. డెల్టాలో అంతకన్నా చెడ్డ తేదీ లేదు. మార్చి ఆఖరి వారం బిల్లులు పోటెత్తుతాయి. దాళ్వా (రబీ పంట) అయ్యాక కాలువలకు నీళ్లు ఆపేది కూడా ఏప్రిల్‌లోనే. పూడికతీత, షట్టర్ల రిపేర్లు, గట్ల పనులన్నీ మళ్లీ సార్వాకి (ఖరీఫ్‌కి) నీళ్లు వదిలేలోపు తెమలాలి కాబట్టి ఎస్టిమేట్లు, అగ్రిమెంట్లు, పార్ట్ బిల్లులు అన్నీ ఆ రెండు నెలల్లోనే పడతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద డ్యూటీలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే, మీ టెస్టింగుకి ఒక్క ఇంజనీరూ దొరకడు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి.

ఇక మిగిలింది సంక్రాంతి. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ బిల్లులు పెట్టేవాళ్లుండరు. జనవరి జీతాల బిల్లులు మూడో వారంలో గానీ కదలవు. సిస్టమ్‌ని 70 నుంచి 80 గంటలు ఆపి ఉంచుకోవచ్చు. మార్చి ఆఖరుకి ఇంకా పది వారాలుంటాయి, అంటే కొత్త సిస్టమ్‌లో రెండుసార్లు జీతాలు తీశాకే సంవత్సరాంతం వస్తుంది. చిక్కల్లా మనుషులతోనే. గోదావరి జిల్లాల్లో కనుమనాడు ఒక సీనియర్ అసిస్టెంటును కుర్చీలో కూర్చోబెట్టడం కంటే సర్వర్ మార్చడం తేలిక. కాబట్టి 12 నుంచి 15 మంది పేర్లు అక్టోబరులోనే ఒప్పించి రాసుకోండి, బదులు సెలవు ఆర్డరు ముందే చేతికివ్వండి. మిగతావాళ్లను 17వ తేదీ దాకా పిలవనే వద్దు.

నడి సంవత్సరంలో మారడం కుదిరేది పాత డేటాబేసునే కొత్త రూపంలోకి మార్చే పద్ధతిలోనే. చరిత్ర మొత్తం వెంట వస్తుంది కనుక తొమ్మిది నెలల ఖర్చును మళ్లీ ఎక్కించనక్కర్లేదు. పాతదాన్ని వదిలేసి ఖాళీగా కొత్తది కట్టుకుంటే మాత్రం ఏప్రిల్ తప్ప గత్యంతరం లేదు. లేకపోతే హెడ్డువారీ (పద్దువారీ) బడ్జెట్టు, విడుదల, ఖర్చు, రీఅప్రోప్రియేషన్లు (ఒక పద్దు నుంచి ఇంకోదానికి మార్చినవి) డీడీవోవారీగా, అంటే బిల్లులు డ్రా చేసే అధికారి వారీగా, చేత్తో ఎక్కించాలి. మా సలహా, ప్రభుత్వ శాఖకు మార్పిడి పద్ధతే మేలు. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆడిట్ వాళ్లు ఐదేళ్ల కిందటి వోచరు అడిగినప్పుడు రెండు సిస్టముల్లో వెతికే బాధ ఉండదు.

సంక్రాంతికి ఏడాది ముందు: ఏమేం అతుక్కుని ఉన్నాయో రాసుకోండి

సాఫ్ట్‌వేర్ ఒంటరిగా ఉండదు. ట్రెజరీ, పే అండ్ అకౌంట్స్ ఆఫీసు, ప్రభుత్వ చెల్లింపులు సాగే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈ-కుబేర్, జీతాల మాడ్యూలు, టెండర్ల పోర్టలు, జీఎస్టీ, ఆదాయపు పన్ను టీడీఎస్ ఫైళ్లు, ఎస్సెమ్మెస్ గేట్‌వే, అధికారుల డిజిటల్ సంతకం టోకెన్లు. ఒక్కోదానికీ ఒక వరుస రాయండి. ఫైలు ఎటు పోతోంది, రోజుకి ఎన్నిసార్లు, ఏ రూపంలో, అవతలివైపు ఎవరిని పిలవాలి. అవతలివాళ్లకు ఆరు నెలల ముందు ఉత్తరం పోకపోతే, వాళ్ల టెస్టు సర్వర్ మీకు దొరికేసరికి మీ గడువు దాటిపోతుంది.

తర్వాత మీ శాఖ సొంతంగా రాయించుకున్న ప్రోగ్రాములు. పేరు జెడ్‌తో మొదలయ్యేవి ఒక పెద్ద శాఖలో వేలల్లో ఉంటాయి. వాటిలో చాలాభాగం ఎవరూ వాడరు. ఏవి వాడుతున్నారో తెలియాలంటే వాడకపు లెక్క నమోదును ఇవాళే ఆన్ చేయించండి, కనీసం 12 నెలలు నడవనివ్వండి. మూడు నెలల లెక్క చూసి తీసేస్తే, మార్చి 31 రాత్రి ఒక్కసారే నడిచే హెడ్డువారీ సరిపోల్చుడు రిపోర్టు కూడా చెత్తలోకి పోతుంది. వాడనివి వదిలేయండి, వాడేవాటిని ఎస్‌ఏపీలోనే ఉండే కోడు పరీక్ష సాధనం ఏబీఏపీ టెస్ట్ కాక్‌పిట్‌తో పరీక్ష చేయించండి. పాత టేబుళ్లలోకి నేరుగా రాసే ప్రోగ్రాములే ఎక్కువ ఎర్రజెండాలు తెస్తాయి.

ఆరు నెలల ముందు: పేర్లు, ఖాతాలు కడగండి

కొత్త సిస్టమ్‌లో వెండరు, కస్టమరు అని రెండు వేర్వేరు రికార్డులుండవు. అందరూ ‘బిజినెస్ పార్ట్‌నర్’ అనే ఒకే రికార్డులోకి రావాలి. ఆ మార్పు కాకుండా ప్రధాన మార్పిడి మొదలే కాదు. పిన్‌కోడులో ఐదంకెలే ఉన్నా, పన్ను నంబరు రూపం తప్పినా, బ్యాంకు కోడు లేకపోయినా ఆ రికార్డు అక్కడే ఆగుతుంది.

డెల్టాలో మొదట చూడాల్సింది ఆంధ్రా బ్యాంకు. ఇక్కడి కాంట్రాక్టర్ల, ఉద్యోగుల ఖాతాలు చాలావరకు ఒకప్పుడు అందులోవే. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్‌ఎస్‌సీలు (బ్యాంకు శాఖల కోడులు) 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లడం లేదు. అయినా మాస్టరులో ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే కోడులు ఇంకా ఉంటాయి. ఆ కాంట్రాక్టరుకు నాలుగేళ్లుగా బిల్లు లేదు కనుక ఎవరి కంటా పడలేదంతే. రెండోది చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు. 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఈ రెంటినీ విడిగా తీసి, ఒక్కొక్కరి దగ్గర కొత్త పాసుపుస్తకం నకలు తెప్పించండి. ఫోన్లో చెప్పించుకున్న నంబరు ఎక్కించవద్దు.

మిగతా వడపోతలు కంప్యూటరే చేస్తుంది. ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలుండాలి, ఐదోది సున్నా అయి తీరాలి (అక్కడ ‘ఓ’ అక్షరం కొట్టినవి ఎన్ని బయటపడతాయో మీరే చూస్తారు). జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌వి 37తో మొదలవుతాయి, మూడు నుంచి పన్నెండు దాకా ఉన్న పది అక్షరాలూ పాన్‌తో సరిపోవాలి. 36తో మొదలైతే తెలంగాణ రిజిస్ట్రేషను. అది తప్పని కొట్టేయకండి, పన్ను కోత వేరుగా ఉంటుందని గుర్తు పెట్టండి.

డూప్లికేట్లను పేరుతో వెతకవద్దు. అన్నవరం సత్యదేవుడి మొక్కు పుణ్యమా అని ఇక్కడ ప్రతి వీధిలో ఇద్దరు సత్యనారాయణలుంటారు. వాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. పాన్, ఖాతా నంబరు రెండూ కలిస్తేనే ఒకరు. పాన్ ఒకటే అయి ఖాతాలు రెండుంటే మనిషి ఒకడే, ఏ ఖాతా బతికి ఉందో అడగాలి. ఖాతా ఒకటే అయి పాన్‌లు రెండుంటే ఆగి, పై అధికారికి చూపించాకే ముట్టుకోండి.

ఈ లిస్టులు ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు ఒక ప్రమాదం. ఖాతా నంబరు గడిని ‘టెక్స్ట్’గా పెట్టకుండా తెరిస్తే ముందున్న సున్నాలు రాలిపోతాయి, 15 అంకెలు దాటిన నంబరులో చివరివి సున్నాలైపోతాయి. సేవ్ చేశాక తిరిగి రావు. అసలు ఫైలును ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టి నకలు మీదే పనిచేయండి. తెలుగులో ఎక్కించిన పేర్లు, వివరాలు అను ఫాంట్లలో ఉంటే అవి యూనికోడ్ కావు, కొత్త తెర మీద పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. వాటిని మార్చే ప్రోగ్రాములున్నాయి గానీ, వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి. పొడవాటి పేర్లున్నవి మనిషి చదివి చూడాల్సిందే.

జిల్లాల సంగతి కూడా ఇక్కడే తేల్చండి. 2022 ఏప్రిల్ 4న రెండు పాత గోదావరి జిల్లాల స్థానంలో ముఖ్యంగా కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలు వచ్చాయి. చిక్కు కొత్త పేర్లతో కాదు, నిలిచిపోయిన పాత పేర్లతో. కొవ్వూరు, నిడదవోలు నదికి పడమటి వైపు ఉండి కూడా ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లా. ‘తూర్పు గోదావరి’ అని రాసి ఉన్న 2021 నాటి రికార్డూ, 2023 నాటి రికార్డూ ఒక జిల్లావి కావు. కాబట్టి జిల్లా కోడు పక్కన ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అనే రెండు తేదీలు తప్పనిసరి. డీడీవో కోడులకీ అదే.

నీటి తీరువాతో సంబంధం ఉన్న ఆఫీసులకు ఇంకొక్క మాట. ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 2025 జులైలో మొదలైనది ఫసలీ 1435. కొత్త సిస్టమ్‌లో సంవత్సరం గడికి తేదీ పరీక్ష ఉంటే 1435 అని కొట్టగానే ఎర్రగా వెలుగుతుంది. దానికి వేరే గడి పెట్టించండి, ఆర్థిక సంవత్సరం గడిలో దూర్చకండి.

పార్ట్ బిల్లులు: అసలు డబ్బు పోయేది ఇక్కడే

పనుల బిల్లు మొదటి నుంచి ఇప్పటిదాకా అయిన మొత్తం పని మీద వేస్తారు, అందులోంచి ఇంతకుముందు ఇచ్చింది తీసేస్తారు. ఒక పంట కాలువ పూడికతీత పని తీసుకోండి. మూడో పార్ట్ బిల్లు దాకా ఎంబుక్కు (కొలతల పుస్తకం) ప్రకారం పని విలువ 31,40,000. నాలుగో బిల్లుకి అది 39,85,000 అయింది. ఇప్పుడు ఇవ్వాల్సింది 8,45,000. అగ్రిమెంటులో సెక్యూరిటీ డిపాజిట్ కోత 7.5 శాతం అని ఉంటే పట్టేది 63,375, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం చొప్పున 16,900. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటింది కనుక ఆ టీడీఎస్ తప్పదు.

మార్పిడిలో చెల్లింపులు వచ్చి, ‘ఇంతకుముందు కొలిచిన పరిమాణం’ అనే గడి రాకపోతే ఏమవుతుంది? కొత్త సిస్టమ్ దృష్టిలో ఇదే మొదటి బిల్లు. 39,85,000కి బిల్లు తయారవుతుంది. బడ్జెట్టు ఉంటే ఏ పరీక్షా దాన్ని ఆపదు. కాగితం మీద సంతకం పెట్టే ఇంజనీరు గమనించాలంతే. డిపాజిట్ కూడా అంతే. మూడు బిల్లుల్లో పట్టిన 2,35,500 ఆ పనికి ముడిపడి రాకపోతే, 8443 సివిల్ డిపాజిట్ల పద్దు కింద మొత్తంగా ఉంటుంది గానీ ఎవరిదో తెలియదు. పని ముగిశాక కాంట్రాక్టరు అడిగినప్పుడు ఆ వెతుకులాట చూడాలి!

అందుకని నవంబరు ఆఖరుకల్లా ప్రతి డివిజన్ నుంచి నడుస్తున్న పనుల పట్టిక తెప్పించండి. పని పేరు, అగ్రిమెంటు నంబరు, ఆఖరి ఎంబుక్కు నంబరు, పేజీ, అప్పటిదాకా విలువ, ఇచ్చినది, పట్టిన డిపాజిట్, రికవరీ కావాల్సిన అడ్వాన్సు. సిస్టమ్‌లోంచి తీసిన పట్టికను ఎంబుక్కుతో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), అకౌంట్సు అసిస్టెంటు ఎదురెదురుగా కూర్చుని సరిచూసి, తేడా ఉన్న వరుసల మీదే రాయాలి. తేడా లేనివి మళ్లీ టైపు చేయించకండి, కొత్త తప్పులొస్తాయి.

పాత పనులకు పన్ను రేటు మరో ముల్లు. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో మట్టిపని 75 శాతానికి మించితే ఉన్న 5 శాతం జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 అయింది, మామూలు పనులకు 12 కాస్తా 18 అయింది. తర్వాత కూడా రేట్లు మారుతూ వచ్చాయి. ఒక్కో పన్ను కోడుకీ చెల్లే తేదీలు పెట్టకపోతే, సాగదీసిన పాత పని ఆఖరి బిల్లులో ఏ రేటు పడుతుందో దేవుడికే తెలియాలి.

సస్పెన్సు, రెమిటెన్సు ఖాతాలు, అంటే 8658, 8782 పద్దుల కింద తేలకుండా పేరుకున్నవి, పాత సిస్టమ్‌లోనే తెమిల్చేయండి. ఎస్/4లో జనరల్ లెడ్జరు, ఆస్తులు, ఖర్చు కేంద్రాల పద్దులు అన్నీ ఒకే పెద్ద జర్నలులోకి వస్తాయి. పాతదాంట్లో ఆస్తుల ఉపలెడ్జరుకీ జనరల్ లెడ్జరుకీ మధ్య రూపాయి తేడా ఉన్నా మార్పిడి ప్రోగ్రాము ఆ సంవత్సరం దగ్గర ఆగి తప్పు చూపిస్తుంది. ఇన్నాళ్లూ దాగి ఉన్న తేడా అప్పుడు బయటపడితే మీ 80 గంటల్లో 20 దానికే పోతాయి.

రిహార్సళ్లు మూడు

మొదటిది ఆగస్టులో, ప్రొడక్షన్ (రోజూ పని నడిచే అసలు సిస్టమ్) నకలు మీద. అది ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికే. రెండోది అక్టోబరులో, కడిగిన డేటాతో. మూడోది డిసెంబరు రెండో శనివారం కలిసొచ్చే సెలవుల్లో, అసలు పనిలాగే గడియారం పెట్టుకుని. మూడో రిహార్సలు అనుకున్న గంటల్లో ముగియకపోతే సంక్రాంతి తేదీ వదులుకోండి. ‘అసలు రోజు వేగంగా చేద్దాం’ అనే మాట ఎవరు అన్నా వినవద్దు.

జీతాలకు రెండు నెలల జోడు పరుగు కావాలి. అక్టోబరు, నవంబరు జీతాలు పాతదాంట్లో తీసినట్టే టెస్టు సిస్టమ్‌లోనూ తీసి, మొత్తాలు కాకుండా ఒక్కో ఉద్యోగి నికర జీతం పోల్చండి. మొత్తాలు సరిపోయి మనుషులు తారుమారైన సందర్భాలుంటాయి. తేడా ఒక్క రూపాయైనా కారణం రాయాలి. డీఏ బకాయిలు, సగం జీతం సెలవు, సస్పెన్షను, సీపీఎస్ (పింఛను పథకం) వాటా, బదిలీ నెలలో రెండు చోట్ల ఇంటద్దె భత్యం, ఇవే ఎక్కువగా తన్నుతాయి.

టెస్టు కేసులు సాఫ్ట్‌వేర్ కంపెనీని రాయనివ్వకండి. వాళ్లు రాసేవన్నీ పాసవుతాయి. ఒక్కో ఆఫీసులో కిందటేడు వెనక్కి తిరిగొచ్చిన బిల్లులు పది చొప్పున తెప్పించండి, ఆక్షేపణ కాగితంతో సహా. అవే మీ కేసులు.

ఇన్‌ఛార్జి అధికారుల సంగతి రిహార్సల్లో తప్పక పరీక్షించండి. ఒక డివిజన్ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి) పక్క డివిజన్ పూర్తి అదనపు బాధ్యత ఉంటే, ఆయన రెండు డీడీవో కోడుల కింద పనిచేస్తాడు. కొత్త సిస్టమ్‌లో బిల్లు పెట్టేవాడూ ఆమోదించేవాడూ వేరుగా ఉండాలనే కట్టుబాటు గట్టిగా ఉంటుంది కనుక, రెండో కోడులో ఆయన పాత్ర తప్పుగా పడిందంటే బిల్లులన్నీ అక్కడే నిలిచిపోతాయి. డిజిటల్ సంతకం టోకెన్లను కూడా అధికారి రోజూ వాడే కంప్యూటరులోనే పెట్టి చూడాలి. గడువు తేదీ, డ్రైవరు, బ్రౌజరు వెర్షను మూడూ రాసుకోండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గడువు తీరేవాటిని డిసెంబరులోనే కొత్తవి చేయించండి.

లైన్లు మరవకండి. డెల్టాలో ఫైబరు కేబుళ్లు చాలాచోట్ల రోడ్డు పక్కన, కాలువ గట్ల వెంట పోతాయి. డ్రెయిను తవ్వే పొక్లెయిను పళ్లు తగిలితే ఆరోజుకి అమలాపురం వైపు సగం ఆఫీసులు గుడ్డివైపోతాయి. రెండు కంపెనీల లైన్లున్నా రెండూ ఒకే గట్టు మీదుగా వస్తే ఒకటే లెక్క. దారి అడిగి కనుక్కోండి. వేగం పరీక్ష ఉదయం 11 గంటలకు చేయాలి, సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు చేసినది పనికిరాదు. లంక మండలాల ఆఫీసులకు రెండు వేర్వేరు కంపెనీల సిమ్ డాంగిళ్లు ఇచ్చి ఉంచండి.

పండగ నాలుగు రోజులు

జనవరి 9 సాయంత్రం నుంచి కొత్త బిల్లులు ఆపండి. 12 సాయంత్రానికి బ్యాంకుకి పోయిన ప్రతి ఫైలుకీ జవాబు వచ్చి ఉండాలి, తిరిగొచ్చిన చెల్లింపులు కూడా పద్దులోకి ఎక్కాలి. గాలిలో ఒక్క ఫైలు ఉన్నా సిస్టమ్ ఆపవద్దు. ఈ ఒక్క నియమం తప్పితేనే ఒకే జీతం రెండుసార్లు ఖాతాల్లో పడేది.

12 రాత్రి 8కి అందరి లాగిన్లూ మూసి, మూడు లెక్కలు తీసి సంతకాలు చేయించండి: హెడ్డువారీ ట్రయల్ బ్యాలెన్సు, చెల్లించాల్సిన ఐటముల సంఖ్యా మొత్తమూ, డీడీవోవారీ మిగిలిన బడ్జెట్టు. తర్వాత పూర్తి బ్యాకప్. ఆ బ్యాకప్ వేరే సర్వర్ మీద తెరుచుకుంటోందో లేదో తెరిచి చూశాకే మార్పిడి మొదలు. భోగి, పండగ రోజుల్లో సాంకేతిక పని నడుస్తుంది. వెనక్కి తిరగాలా వద్దా అనేది తేల్చాల్సిన గడువు 15 మధ్యాహ్నం 12. ఆ గంటకి మూడు లెక్కలూ పైసాతో సహా సరిపోకపోతే పాతదాన్నే తెరవాలి, ఎవరు ఫోన్ చేసినా సరే. ఆ నిర్ణయం తీసుకునే అధికారి పేరు ఒక్కటే ఉండాలి, ఆర్డరులో ముందే రాసి ఉండాలి.

16న ఐదు జిల్లాల నుంచి ఒక్కో ఆఫీసు చొప్పున ఐదు నిజమైన బిల్లులు, చిన్నవి, బ్యాంకు దాకా పంపి డబ్బు చేరిందని చూడండి. 17న అందరికీ తెరవండి.

తర్వాత ఎనిమిది వారాలు

ఎనిమిది పది మంది డీడీవోలకు ఒక సహాయకుడు చొప్పున, ఆఫీసుకే పోయి కూర్చోవాలి. శిక్షణ డిసెంబరు ఆఖర్లోనే ఇచ్చి ఉంటారు గనక (అంతకు ముందిస్తే మరిచిపోతారు) ఇప్పుడు కావాల్సింది పక్కన మనిషి. ఎక్కువగా వచ్చే 20 తప్పు సందేశాలకు తెలుగులో అర్థం, చేయాల్సిన పని రాసి ఒక అట్ట మీద అచ్చు వేయించి టేబుల్ అద్దం కింద పెట్టించండి. వాట్సాప్ గ్రూపు ఉండనివ్వండి, కానీ సమస్య నంబరు లేనిదే అక్కడ జవాబివ్వకండి. శుభోదయం బొమ్మల మధ్య ఒక జీతం బిల్లు ఫిర్యాదు మునిగిపోతే అది 31 దాకా తేలదు.

పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే వీలుగా ఉంచండి, కనీసం ఆ సంవత్సరపు లెక్కలకు ఆడిట్ ముగిసేవరకు. ఫిబ్రవరి మూడో వారంలో టెస్టు సిస్టమ్‌లో మార్చి 31 తేదీ పెట్టి సంవత్సరాంతం పని మొత్తం ఒకసారి నడపండి. లాప్స్ అయ్యే బడ్జెట్టు, తర్వాతి ఏడాదికి పోయే పనులు, డిపాజిట్ల నిల్వ, ఇందాక చెప్పిన జెడ్ రిపోర్టు. అందులో వచ్చిన తప్పులు మార్చి 10లోపు సరిచేయించుకోండి, ఆ తర్వాత ప్రొడక్షన్‌లో ఏ మార్పూ చేయనివ్వకండి.